గోంగూర వదిలేసిన సయామా

ఈ పూట మా కింది వాటా ఆవిడ చిన్‌బాంగ్ వేపుతోంది. చిన్‌బాంగ్ అంటే మరేదో కాదు, మన గోంగూరే. యాంగోన్ వచ్చి బర్మా పేరు పెట్టుకుంది, మాలో చాలామంది పెట్టుకున్నట్టే. నూనెలో ఎండురొయ్యలు పడ్డాయి, వెదురుకొమ్ము ముక్కలు పడ్డాయి, పచ్చిమిర్చి పడింది, ఆపైన ఆకు పడింది. పడీ పడగానే ఆ పుల్లటి ఘాటు మెట్లన్నీ ఎక్కి, తలుపు తట్టకుండా, చెప్పులైనా విప్పకుండా నేరుగా వచ్చి నా ముక్కులో కూర్చుంది. ఆ వాసనకి పజుండౌంగ్ వాగులో పడవలు దారి తప్పాయని నేనంటే మా ఆవిడ ఒప్పుకోదు గాని, వీధిలో సైకా రిక్షా తొక్కేవాడొకడు తొక్కడం మానేసి మా మేడకేసి భక్తిగా తలెత్తి చూడటం మాత్రం నా కళ్లతో నేను చూశాను. నా నోట్లో ఊరిన నీళ్లకి వాగులో పోటు వచ్చి ఉంటుంది. వెంటనే, ఎప్పట్లాగే, ఎవరికో చెప్పాలనిపించింది: ఆకు కొంచెం ముదురుది, పులుపు ముందుకొచ్చింది, వగరు వెనక నిలబడింది, అని. చెప్పించుకునే మనిషి ఇప్పుడు లేదు.

ఆవిడ పేరు డా మ్యా లచ్చిమి. డా అనేది ఇక్కడ పెద్దావిడ పేరుకి ముందు తగిలించే మర్యాద. మ్యా వాళ్లమ్మ ఇచ్చింది, లచ్చిమి వాళ్ల నాన్న ఇచ్చాడు. ఆ నాన్న అహ్లోన్ రేవు పక్కన బియ్యం మిల్లులో బస్తాలెత్తిన శ్రీకాకుళం కుటుంబాల మనిషి. అమ్మ బర్మా బౌద్ధురాలు. కూతురేమో కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి చెప్పి, రిటైరయ్యాక పజుండౌంగ్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకుని, ఆకుకూరలు నీడలో ఎండబెట్టి పొడి కొట్టి పొట్లాలు కట్టి అమ్మే పని పెట్టుకుంది. ఊరందరికీ ఆవిడ సయామా, అంటే పంతులమ్మ. మనిషి నా భుజం దాకా ఉండేది. గొంతు మాత్రం మింగళాడోన్‌లో దిగబోయే విమానాన్ని కూడా కాసేపు ఆగమనగలిగేంతది.

నేను అప్పటికి సినిమా హాళ్లకీ, దుకాణాలకీ గోడల మీద ప్రకటనలు రాసేవాడిని. నా చేతిలో పడితే టైలరు కొట్టు రాజదర్బారు అయిపోయేది, పాత టైర్లమ్మే షెడ్డు అంతర్జాతీయ సంస్థ అయిపోయేది. పొట్లాల మీద రాయడానికి మనిషి కావాలని సయామా అడుగుతోందని తెలిసి వెళ్లాను. నా రాతలు చూపించబోతే చూడలేదు. ఒక పచ్చి మునగ రెమ్మ తుంపి నా చేతిలో పెట్టింది.

"నమలు. ఏటుంది సెప్పు."

నమిలాను. "సయామా, ముందు పసిపిల్ల చెయ్యి వేసినట్టు మెత్తగా వచ్చింది. తర్వాత ఆవగింజ పగిలినట్టు ముక్కుదూలం మీద ఒక్క గుద్దు గుద్దింది. ఆఖర్న చేదు, పెట్టె బేడా దించుకుని, ఇంక ఇక్కడే ఉంటానని నాలిక వెనకాల మకాం పెట్టింది."

"నాను రుసి అడిగినాను. నువ్వు పెళ్లి ఊరేగింపు సెప్పినావు," అంది. పెదవి కొసన నవ్వు మాత్రం దాగలేదు. "కానీ ఆవగింజన్నావు సూడు, అది సరే. ఆ గాటూ ఈ గాటూ దాయాదులే. నాలిక ఉంది నీకు, నోరే ఎక్కువైపోనాది. రేపట్నించి రా, సింవాచెలం."

అలా నా చదువు మొదలైంది. ఆవిడ పాఠం చెప్పే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. బల్ల మీద ఆకులు పరిచేది, నమిలించేది, చీవాట్లు పెట్టేది. "మొక్కకి కాళ్లు నేవురా. పురుగొస్తే పారిపోనేదు. అందుకే తిడతాది. సేదు ఒక తిట్టు. గాటు ఒక తిట్టు. వగరు ఒక తిట్టు. పురుగులు ఆ తిట్లకి దడిసి పోతాయి. మనిసి మాత్రం ఉప్పూ కారం యేసుకుని తింటాడు," అనేది. "అంటే మనకి సిగ్గు లేదంటారు," అన్నాను. "సిగ్గు నేదు గాని లాబం ఉంది," అంది. గోంగూర కాడకి ఆ ఎరుపు ఎక్కడిదో, అదే ఎరుపు సున్నపు నీళ్లలో పడితే నీలంగా ఎందుకు తిరుగుతుందో, నిమ్మరసం పిండితే మళ్లీ ఎందుకు సిగ్గుపడి ఎర్రబడుతుందో గాజు గ్లాసుల్లో చేసి చూపించేది. ఆకుకూరలోని పసుపు రంగు సరుకు నూనె లేనిదే ఒంటికి పట్టదనీ, పులుపు తోడుంటే ఇనుము తొందరగా రక్తంలోకి నడుస్తుందనీ చెప్పేది. నేను నోరెళ్లబెట్టి వినేవాడిని. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పేటప్పుడు ఇనుము నడిచేది కాదు, గుర్రమెక్కి వెళ్లేది.

గొడవంతా పొట్లం మీద రాత దగ్గర వచ్చింది. మునగాకు పొడికి నేను మొదట రాసింది నాకిప్పటికీ కంఠస్థం: ఈ పొడి వృద్ధులను పడుచువారినిగా చేయును, చక్కెర వ్యాధిని పొలిమేర దాటించి తరుమును, మోకాళ్లకు రెక్కలిచ్చును. సయామా చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. కలం తీసుకుని అంతా కొట్టేసింది.

"ఆకులో గునం ఉండదేటి సయామా? మీరే చెప్పారు కదా?"

"ఉండొచ్చు," అంది. కాసేపాగి, "కొంచెం," అంది. ఇంకాసేపాగి, "కొందరికి," అంది.

"ఉండొచ్చు, కొంచెం, కొందరికి అని రాస్తే మన పొడి ఎవడు కొంటాడు?"

"కూరకి కొంటాడు. కూర కాదేటి ఇది? మీ అమ్మ నీకు పప్పులో మునగాకు యేసినప్పుడు పొలిమేర దాటిస్తానని సెప్పిందేటి?"

కాబట్టి పొట్లం మీద అచ్చయిన మాటలు ఇవీ: మునగాకు పొడి. పప్పులోకి, అన్నంలోకి బాగుంటుంది. వాన తగలనివ్వకండి. నా కళలో అంత హీనమైన రోజు మరొకటి లేదు. టైర్ల షెడ్డు వాడు ఎదురైతే మొహం తిప్పుకున్నాను.

ఇన్ని ఆకుల మధ్య ఆవిడ ప్రాణం గోంగూరలో ఉండేది. మార్కెట్ నుంచి మోపులు దిగుతుంటే ఒక్కో మోపు నుంచి ఒక పచ్చి ఆకు తుంపి నోట్లో వేసుకునేది. కళ్లు మూసుకునేది. తూర్పు తీరాన కోసిందో, నది అవతల కోసిందో, నిన్న కోసిందో, కోసినవాడు పెళ్లాంతో పోట్లాడి కోశాడో చెప్పేసేది. ఆఖరిది నేను కలిపిందే. మధ్యాహ్నం క్యారేజీలో రోజూ రెండు గోంగూరలుండేవి: ఒక గిన్నెలో వాళ్లమ్మ పద్ధతి, రొయ్యలూ వెదురూ వేసిన వేపుడు, ఇంకో గిన్నెలో వాళ్ల నాన్న పద్ధతి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి రోట్లో నూరిన పచ్చడి. ఒకే కంచంలో అటొకటీ ఇటొకటీ పెట్టుకుని, "మా అమ్మా నాన్నా బతికుండగా ఇంత దగ్గిరగా ఎప్పుడూ కూకోనేదు," అంటూ తినేది. తినేటప్పుడు భూకంపం వచ్చినా ఆ ముద్ద అయ్యాకే లేచేది.

ఆ షెడ్డుకి వారం వారం వచ్చే మనిషి నూకయ్య. మా వీధి అమ్మవారి గుడికి ఆయనే పెద్ద. సయామా నాన్నతో కలిసి మిల్లులో బస్తాలెత్తినవాడు గనక ఆవిడకి వరసకి చిన్నాన్న. జాతర నాడు తలమీద ఘటం పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఎర్రటి ఎండలో ఊరేగింపు ముందు నడిచేది ఆయనే. ఆ నడక చూడాలి. డప్పులు ఆయన కాళ్లని చూసి దరువు నేర్చుకున్నాయంటాను నేను. ఆయనకి చాలాకాలంగా సుగరు ఉంది. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూ, సయామా దగ్గర మునగాకు పొడి కొనుక్కుని తింటూ ఉండేవాడు.

జాతరైన కొన్నాళ్లకి ఒక పొద్దున వెలిగిపోతూ వచ్చాడు.

"అమ్మీ లచ్చిమీ! సుగరు దిగిపోనాదంట. జాతరకి ముందు డాక్టరే సెప్పినాడు. నీ ఆకు మయిమ!"

"మంచిది సిన్నానా. మాత్రా ఆకూ కూడబలుక్కుని దింపుంటాయి. మాత్రదే పెద్ద సెయ్యి."

"మాత్రేటి దింపుతాది, సుద్దముక్క! నాలిక మీదెట్టుకుంటే రుసి నేదు, గాటు నేదు. నీ ఆకు సూడు, నోట్లో ఎట్టుకుంటే ముత్తాతలు కనపడతారు. పనిసేసేదేదో నాలిక్కి తెల్దేటి? అందుకే మొన్న జాతరకి అమ్మోరి ముందు మాత్రలు వొదిలీసినాను."

సయామా చేతిలో జల్లెడ ఆగిపోయింది.

దీని సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. కాశీ వెళ్లినవాళ్లు అక్కడ ఒక ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు కదా, జన్మలో మళ్లీ ముట్టరు. మా తాతలు రేవు పనులు వదిలి కాశీ ఎక్కడ వెళ్తారు? అందుకని ఆ వదలడమేదో ఇక్కడే, అమ్మవారి ముందు, జాతర నాడు వదిలేవారు. ఆ అలవాటు మాకు మిగిలింది. నిజం చెప్పాలంటే మావాళ్లు వదిలేవన్నీ అసలే పడనివి. ఊళ్లో కాకరకాయ వదలని మగాడు లేడు. మా పెదనాన్న పళ్లన్నీ ఊడిపోయిన ఏడాది చెరుకు వదిలేశాడు, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ. కానీ ఏది వదిలినా మాట మాటే. వెనక్కి తీసుకోవడమన్నది మా వీధి చరిత్రలో లేదు. మందు మాత్రలు వదలొచ్చని మాత్రం నూకయ్యకి ముందు ఎవరికీ తట్టలేదు.

సయామా ఆరోజు పాఠం చెప్పినట్టు చెప్పింది. "సిన్నానా, ఆ మాత్ర కూడా ఆకు కుటుంబమే. ఎక్కడో సలి దేశంలో మేకలు మేసే ఒక మొక్క ఉంది. దాన్లోని సరుకు సుగరు దింపుతాదని పట్టుకున్నారు. కానీ అది మనిసికి ఇసం. దాన్ని పట్టుకుని మార్చి మార్చి మంచిదాన్ని సేసినారు. ఈ మాత్ర ఆ ఆకు కాదు. దాని మనవడు."

"మనవడైతే తాత రుసి ఉండాల కదా?"

"మనమేటి, మన తాతల్లాగే ఉన్నామా? ఊరు మారినాది, పేర్లు మారినాయి. అయినా మనం ఆళ్లం కాదేటి?"

ఆ మాట నూకయ్యకి తగిలిందని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "బాగా సెప్పినావమ్మీ. కానీ అమ్మోరికిచ్చీసినాను. మాటంటే మాట."

"అయితే నీకింక ఆకు అమ్మను."

"అమ్మకు. బజార్ల దొరకదేటి?"

లేచి చెప్పులు తొడుక్కుంటున్నాడు. అప్పుడు చూసింది సయామా. ఆయన కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు, చుట్టూ నల్లగా. "అదేటి సిన్నానా?" "ఏటో గీసుకున్నట్టుంది. జాతర నాటిది. నొప్పేటి నేదు, నువ్వు బెంగెట్టుకోకు," అంటూ దరువేస్తున్నట్టే నడిచి వెళ్లిపోయాడు. నేను నొప్పి లేదన్నాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. సయామా మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. "నొప్పి నేకపోడవేరా బయం," అంది. "సుగరు మనిసికి కాలు పాడైతే ముందు నొప్పి పోతాది. ఇలా మాత్ర మానీసి తిరిగితే ఆ కాలు తీసీయాల్సొస్తాది. కాలుతో ఆగితే అదురుష్టం."

ఆ వారమంతా ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. డాక్టరుని పిలుచుకెళ్లింది. నూకయ్య ఆయనకి టీ ఇచ్చి, అమ్మవారి మహిమలు చెప్పి, ప్రసాదం చేతిలో పెట్టి పంపాడు. పుండు కడిగి కట్టు కట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు గాని మాత్ర ఊసెత్తితే చెవులు మూసుకున్నాడు. నేను మాత్ర నూరి మునగాకు పొడిలో కలిపి ఇచ్చేద్దామన్నాను. నా ఉద్దేశంలో అది ఆ శతాబ్దానికే గొప్ప ఆలోచన. సయామా నావైపు చూసిన చూపుకి షెడ్డులో ఎండుతున్న ఆకులు ఇంకాస్త ఎండాయి. "ఒక మనిసి నోట్లోకి ఆడికి తెలకుండా ఏదీ ఎల్లకూడదు," అంది. అంతే.

మర్నాడు మధ్యాహ్నం, పూజ వేళకి, ఆవిడ మా గుడికి వచ్చింది. పగోడాకి వెళ్లడమే గాని ఈ గుడి గడప ఆవిడ తొక్కగా ఎవరూ చూడలేదు. దీపాలకి పెద్ద గాలి తగిలినట్టు జనమంతా అటు తిరిగారు. చేతిలో ఒక లేత గోంగూర కట్ట ఉంది, కాడలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నూకయ్య మండపంలో కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన కాలు చాపుకుని. సయామా తిన్నగా పూజారి దగ్గరికెళ్లి అడిగింది.

"అమ్మోరికి ఇచ్చినదాని బదులు ఇంకోటిస్తే తీసుకుంటాదా?"

పూజారి ఇబ్బందిగా కదిలాడు. "ఇచ్చినదానికంటే పెద్దదైతే... కాదంటాదని ఎక్కడా నేదమ్మా."

"ఆయన వొదిలింది రుసి పచీ లేని సుద్దముక్క. నాను గోంగూర వొదులుతున్నాను. ఈ పూట నించి, పేణం ఉన్నంత కాలం. ఆయన మాట ఆయనకి ఇచ్చీమనండి." కట్ట తీసి అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది.

గుడిలో గంట ఊగడం మరిచిపోయింది. నూకయ్య ఉన్నచోటనే లేచి నిలబడ్డాడు. "ఓలమ్మో! నీకు గోంగూరంటే పేణం కదే అమ్మీ!"

"అందుకే కదా, సిన్నానా. కాకరకాయిస్తే అమ్మోరు నవ్వుతాది."

"నా కోసం నువ్వెందుకు..."

"మా నానతో మూటలెత్తిన కాళ్లవి. నాకు అక్కర్లేదేటి?"

ఆవిడ జేబులోంచి మాత్రల అట్ట తీసింది. పూజారి చెంబుతో తీర్థం అందించాడు. నూకయ్య అమ్మవారి వంక చూశాడు, గోంగూర కట్ట వంక చూశాడు, మాత్ర నోట్లో వేసుకున్నాడు. చేదు కషాయం మింగినట్టు మొహం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాత్రకి నిజంగా ఏ రుచీ లేదు. ఆయన కళ్లు మాత్రం నీళ్లతో నిండాయి.

పుండు మానడానికి నెలలు పట్టింది, మానింది. మరుసటి జాతరకి నూకయ్య రెండు కాళ్లతోనే నడిచాడు, డాక్టరూ సయామా కలిసి పెట్టిన షరతు మీద, మెత్తటి చెప్పులేసుకుని. ఘటం ఎత్తుకుని చెప్పులేసుకోవడమేమిటని అడిగినవాడికల్లా, "ఈ కాలి కరీదు నీకు తెల్దు, గోంగూరంత!" అని గద్దించేవాడు. పొట్లం మీద రాత కూడా మారింది. ఈసారి సయామానే నన్ను పిలిచి చివర ఒక వాక్యం చేర్చమంది. ఎంత పెద్దదైనా రాసుకోమంది. నేను చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, నా జీవితంలో మొదటిసారి ఏ రంగూ పుయ్యకుండా రాశాను: ఇది కూర, మీ మందులు మానకండి. ఆవిడ చదివి ఏమీ కొట్టెయ్యలేదు.

మనిషి రసాయనశాస్త్రం చదివింది, దేవుళ్ల దగ్గర మొహమాటం లేనిది. కాబట్టి ఆ ఒట్టు వారం తిరక్కుండా గట్టు దాటుతుందని నేననుకున్నాను. దాటలేదు. క్యారేజీలో రెండు గిన్నెలూ మాయమయ్యాయి, దొండకాయ వచ్చింది. ఒకరోజు మోపులు దిగుతుంటే ఆశపెట్టాను. "నమిలి ఉమ్మేయండి సయామా. మింగితేనే కదా తిన్నట్టు. అసలు మీరు అమ్మవారిని నమ్ముతారేటి?"

"నాను నమ్మితేనేటి, నమ్మకపోతేనేటి. ఆయన నమ్ముతాడు. నాను తిన్నానని తెలిసిన పూట మాత్ర మానీస్తాడు. నా నోరు ఆయన కాలికి కట్టురా," అంది. మోపు మీంచి ఒక ఆకు తుంపి నా చేతిలో పెట్టింది. "నువ్వు నమలు. ఏటుంది సెప్పు."

నమిలి, ఆవిడ పద్ధతిలో, ముక్తసరిగా చెప్పాను. "పులుపు బాగుంది. వగరు కొంచెం."

ఆవిడ కళ్లు మూసుకునే ఉంది. "అంతేనా?" అంది. "ఊరేగింపేదిరా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఇంక ఆగానా? పులుపు పల్లకీ ఎక్కి వచ్చిందన్నాను. వగరు కాగడా పట్టుకుని పక్కన నడుస్తోందన్నాను. దవడ మూల ఒక దరువు, నాలిక అంచున ఒక మెరుపు, చెవుల వెనక జలదరింపు, నేలలో నిన్న పడ్డ వాన, అన్నీ చెప్పాను. ఆవిడ గొంతు ఒకసారి కదిలింది, ముద్ద దిగినట్టు. కళ్లు తెరిచి, "తూర్పు మడిది. రేపట్నించి ఆ రైతు దగ్గిరే కొందాం," అంది. పొట్లం మీద నా విశేషణం ఒక్కటి మిగలనివ్వని మనిషి, ఆనాటినుంచి రోజూ ఆ బల్ల దగ్గర ఎంత పెంచి చెబితే అంత వింది.

ఏళ్లు గడిచి, నూకయ్య నిండు వయసులో, నిద్రలో పోయాడు. రెండు కాళ్లతోనే. దినాలయ్యాక నేను మా ఆవిడ చేత గోంగూర పచ్చడి నూరించి, వేడన్నం, నూనె, ఉల్లిపాయ పట్టుకుని సయామా ముందు పెట్టాను. ఇంక కట్టు అక్కర్లేదు కదా, తినండి అన్నాను. గిన్నె మూత తీసి వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె నావైపు జరిపింది.

"అలవాటు తప్పిపోనాదిరా. ఇప్పుడు తింటే అది నువ్వు సెప్పినంత బాగోదేమోనని బయం. నువ్వు తిను. తిని సెప్పు."

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. షెడ్డు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. సుగరు నాకూ వచ్చింది. పొద్దున్నే మాత్ర, మధ్యాహ్నం మునగాకు పప్పు, ఏ ఒక్కదానికీ ఇంకోదాని పీట వెయ్యను. ఎవరైనా వచ్చి ఈ ఆకు ఫలానా రోగానికి పనిచేస్తుందా అని అడిగితే, నాలిక చివర వెయ్యి విశేషణాలు డప్పులు కట్టుకుని సిద్ధంగా ఉంటాయి. వాటిని కూర్చోబెట్టి, ఉండొచ్చు, కొంచెం, కొందరికి, అంటాను.

కింది వాటా ఆవిడ మంచిది, చిన్న గిన్నెలో చిన్‌బాంగ్ పంపింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. పులుపు పల్లకీ దిగింది, రొయ్య సన్నాయి ఎత్తుకుంది, వెదురుకొమ్ము పక్కన కరకరమంటూ కాగడా పట్టుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "ఎవల్తో మాటాడుతున్నావు?"

"అన్నం తింటున్నానే," అన్నాను, ఊరేగింపు ఆపకుండా.